కంపెనీ లెక్కలో మన ఊపిరి ఏ పద్దు కింద ఉంది?

(గౌనిపల్లిలో జరిగిన మిల్లు, గార్మెంటు కార్మికుల సభలో యూనియన్ తరఫున చేసిన ప్రసంగ పాఠం)



మామిడి కోతల దినాల్లో బెంగళూరు నుంచి, హోసూరు నుంచి, దొడ్డబళ్ళాపురం నుంచి మనవాళ్లు నాలుగు రోజులు సెలవు పెట్టి ఊరికి వస్తారు. అందుకే ఈ సభను మిల్లు గేటు ముందు కాకుండా గౌనిపల్లిలో పెట్టుకున్నాం. గేటు ముందైతే వినేవాళ్లలో సగం మంది షిఫ్టు బస్సు వైపే చూస్తుంటారు. ఇక్కడ తీరికగా మాట్లాడుకోవచ్చు.

బోనస్ గురించో, డి.ఎ. గురించో చెబుతారనుకుంటే ఏదో రిపోర్టు అంటున్నారేమిటని పొద్దున కొందరు అడిగారు. ఆ రిపోర్టు తెచ్చాం, చూడండి. అట్ట మీద పచ్చటి ఆకు, ఆకు మీద నీటి బొట్టు. మనలో కొందరు పనిచేసే ఒక మిల్లుది. పేరు ఇప్పుడు చెప్పం, ఆ మిల్లువాళ్లు ఇక్కడే కూర్చున్నారు, రేపు మళ్లీ అదే గేటులోకి పోవాలి. వంద పేజీలకు పైగా ఉంది. అందులో ఒక పట్టిక. పట్టికలో ఒక గడి. పని వల్ల కలిగిన తీవ్ర గాయాలు, అనారోగ్యం అని గడి తల మీద రాసి ఉంది. కింద సున్నా. పోయిన ఏడాదీ సున్నానే.

అదే మిల్లులో కార్డింగులో 22 ఏళ్లు పనిచేసిన అన్న ఒకాయన ఈ సభలోనే వెనక వేపచెట్టు కింద ఉన్నాడు. ముందుకు రమ్మంటే రాలేదు. దగ్గు వస్తే మాట్లాడేవాళ్లకు అడ్డమని ఆయన బెంగ. సోమవారం పొద్దున డిపార్టుమెంటులో అడుగు పెడితే ఎద మీద బండ పెట్టినట్టుంటుందని పదేళ్లుగా చెబుతున్నాడు. ఆసుపత్రి చీటీలో ఉబ్బసం అని రాసి ఉంది. రిపోర్టులో సున్నా ఉంది. ఈ రెండు కాగితాల నడుమ ఏం జరిగిందో, దాన్ని మనం ఎట్లా మార్చగలమో, అదే ఈనాటి విషయం.

ముందు ఆ రిపోర్టు సంగతి. ఇంగ్లీషులో సస్టెయినబిలిటీ అంటారు, మన పత్రికలు సుస్థిరత అని రాస్తున్నాయి. మన రైతు భాషలో చెప్పాలంటే విత్తనపు గింజలు తినేయకుండా సేద్యం చేయడం. నీళ్లు, గాలి, నేల, మనిషి ఒంట్లో సత్తువ, ఇవి రేపటికీ మిగిలేలా ఫ్యాక్టరీ నడుపుతున్నావా లేదా అని కంపెనీని అడిగే ప్రశ్న అది. పాత రోజుల్లో కంపెనీ వాటాదారులకు చూపేది లాభనష్టాల పట్టిక ఒక్కటే. ఇప్పుడు దాని పక్కన ఇదీ చూపాలి. సెబీ 2021 మే నెలలో ఉత్తర్వు ఇచ్చింది. షేర్ మార్కెట్‌లో పెద్దవైన వెయ్యి కంపెనీలు 2022-23 నుంచి ఏటా ఈ రిపోర్టు ఇచ్చి తీరాలి. బి.ఆర్.ఎస్.ఆర్. అంటారు దాన్ని. తొమ్మిది సూత్రాలు ఉంటాయి. మూడో సూత్రం ఉద్యోగులు, కార్మికుల బాగోగులు. అయిదోది మానవ హక్కులు, కనీస వేతనం. ఆరోది నీరు, కరెంటు, పొగ, చెత్త. కొన్ని ముఖ్యమైన అంకెలను బయటివారితో సరిచూపించాలని 2023 జులైలో ఇంకో ఉత్తర్వు వచ్చింది. ముందు 150 పెద్ద కంపెనీలకు, తర్వాత మెల్లమెల్లగా మిగతావాటికి. ఈ వెయ్యిలో లేని చిన్న మిల్లులకు సెబీ ఉత్తర్వు వర్తించదు. కానీ వాళ్ల నూలు, గుడ్డ కొనే విదేశీ బ్రాండ్లు ఇలాంటి ఫారాలే పంపి నింపమంటున్నాయి.

ఇదంతా బడాయి, మనకెందుకని మన యూనియన్‌లోనే కొందరు కార్యకర్తలు అన్నారు. కమిటీలో రెండు సార్లు చర్చ జరిగింది. మేము ఒప్పుకోలేదు. బడాయి ఉన్నమాట నిజమే. కానీ యాజమాన్యం తన చేత్తో రాసి, సంతకం పెట్టి, లోకానికి చూపిన కాగితం మన చేతికి వచ్చినప్పుడు చదవకుండా పారేస్తామా? చార్టర్ ఆఫ్ డిమాండ్స్ మనం రాస్తే వాళ్లు చదువుతారు గదా, వాళ్లు రాసింది మనం చదవొద్దా?

చదవాలంటే కొలత కిటుకులు తెలియాలి. రెండు చెబుతాం.

మొదటిది నీళ్లు. ఒక మిల్లు ఒక ఏడాది లక్ష కిలోలీటర్ల నీళ్లు వాడింది, వంద కోట్ల వ్యాపారం చేసిందనుకోండి. కోటికి వెయ్యి కిలోలీటర్లు. మరుసటి ఏడాది నూలు ధర పెరిగింది. వ్యాపారం 130 కోట్లు. నీళ్లు లక్షా పదివేలు. కోటికి లెక్క వేస్తే 846. నీటి వాడకంలో 15 శాతం మెరుగుదల అని బ్యానర్ కడతారు. బోరు మాత్రం పదివేల కిలోలీటర్లు ఎక్కువ తోడింది. ఇది మనం వేసిన ఉదాహరణ, ఏ మిల్లు లెక్కా కాదు. కానీ లెక్క తీరు ఇదే. రిపోర్టులో మొత్తం నీళ్ల అంకె కూడా ఉంటుంది, ఫారం అడుగుతుంది. అయితే అది లోపలి పేజీలో ఉంటుంది, ఇది బ్యానర్ మీద ఉంటుంది. మన కోలారు జిల్లాలో ఏడాది పొడవునా పారే ఏరు ఒక్కటీ లేదు. వెయ్యి అడుగులు దాటి బోరు దించినా దుమ్మే వచ్చిన చేలు ఈ సభలో ఎంతమందికి ఉన్నాయో చేతులెత్తమంటే సభ సగం లేస్తుంది. భూమి లోపలి నీటికి కంపెనీ టర్నోవరు తెలియదు. దానికి తెలిసింది ఎంత తోడారన్నదే. కాబట్టి నీళ్ల దగ్గర మీరు చూడాల్సింది మొత్తం అంకెను, శాతాన్ని కాదు.

రెండోది ప్రమాదాలు. పది లక్షల పని గంటలకు ఎన్ని ప్రమాదాల్లో పనిదినం పోయింది అని లెక్క. 800 మంది, రోజుకు 8 గంటలు, ఏడాదికి 300 రోజులు అంటే 19,20,000 గంటలు. నలుగురికి దెబ్బ తగిలి పనికి రాలేకపోతే రేటు 2.08. ఇప్పుడు ఆ నలుగురిలో ముగ్గురిని మరునాడు చేతికి కట్టుతోనే జీపులో తెచ్చి టైం ఆఫీసులో స్టూలు మీద కూర్చోబెట్టారనుకోండి. పనిదినం పోలేదు! రేటు 0.52. స్టూలు మీద కూర్చున్నవాళ్లు మీలో ఉన్నారు. నవ్వుతున్నారు చూడండి. అప్పుడు మీరు అనుకున్నారు, పాపం మేనేజరు మంచివాడు, హాజరు పోకుండా చూశాడని. ఆయన మీ హాజరు కోసం చూడలేదు, ఆ గడి కోసం చూశాడు. ఇంకొకటి. పర్మనెంటు కాని కార్మికులను కూడా కలపాలని ఫారం స్పష్టంగానే అడుగుతుంది. కాంట్రాక్టరు మనిషికి వేలు తెగితే అది కాంట్రాక్టరు పుస్తకంలో ఉంటుందా, కంపెనీ రిపోర్టులో ఉంటుందా, అది అడిగి తెలుసుకోవలసింది మనమే.

ఇట్లా కొలిచేవాడు ఏది కొలవాలనుకుంటే అదే కొలతకు వస్తుంది. ఈ సంగతి మన జిల్లాకు చెప్పనక్కర లేదు. కోలారు బంగారు గనులను 1880 నుంచి జాన్ టేలర్ అండ్ సన్స్ అనే ఇంగ్లీషు కంపెనీ నడిపింది. చిత్తూరు, ఉత్తర ఆర్కాటు సీమల నుంచి తెలుగువాళ్లు, తమిళులు వేల మంది ఆ గుంటల్లోకి దిగారు. చాంపియన్ రీఫ్ మూడు కిలోమీటర్లకు మించిన లోతు. 1902లో కావేరి మీద శివనసముద్రం నుంచి అంత దూరం తీగలు లాగి గనులకు కరెంటు తెచ్చారు. బెంగళూరు వీధి దీపాలకు ఆ తర్వాతే వచ్చింది. టన్ను రాయికి ఎంత బంగారం దిగిందో లెక్క. ఎన్ని యూనిట్లు కాలాయో లెక్క. 1930లో కూలీల వేలిముద్రలు తీసి రిజిస్టరు చేయాలని రూలు పెట్టారు. మేము దొంగలమా అని కార్మికులు మూడు వారాలు గనులు ఆపేశారు. అంటే మనిషి బొటనవేలిని కూడా కొలవాలనుకున్నారు.

మనిషి రొమ్మును పెద్ద ఎత్తున కొలవడానికి మాత్రం 1940 దాకా పట్టింది. 1940 నుంచి 1946 దాకా 7,653 మంది గని కార్మికులను పరీక్ష చేశారు. నూటికి 43.7 మందికి సిలికోసిస్ తేలింది. రాతి దుమ్ము ఊపిరితిత్తుల్లో గట్టకట్టి మనిషిని లోపల నుంచి బిగించే రోగం. మూడు వేల మూడు వందల మందికి పైగా! వాళ్లకు ఆ రోగం 1940లో రాలేదు గదా. అప్పటికే ఉంది. వాళ్ల తండ్రులకూ ఉండి ఉంటుంది. ఊళ్లలో వాళ్లు క్షయ అనుకున్నారు, దగ్గు అనుకున్నారు, తాగుడు అనుకున్నారు. అంతకు ముందు సంవత్సరాల్లో ఎవరైనా ఈ పచ్చ ఆకు రిపోర్టు లాంటిది రాసి ఉంటే ఆ గడిలో ఏం రాసేవారు? సున్నా. ఆ సున్నాకు అర్థం రోగం లేదని కాదు, ఎవరూ చూడలేదని.

గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డాయి. సైనైడ్ దిబ్బలు మిగిలాయి. రాయిని పిండి చేసి, సైనైడ్ నీళ్లతో బంగారం లాగేశాక మిగిలిన మట్టి అది. 13 దిబ్బలు, మూడు కోట్ల టన్నులకు పైగా. గాలి లేస్తే ఆ దుమ్ము ఇళ్లలోకి, గిన్నెల్లోకి వస్తుంది. కె.జి.ఎఫ్.లో చుట్టాలున్నవాళ్లకు తెలుసు. 2024 జూన్‌లో కర్ణాటక మంత్రివర్గం ఆ దిబ్బల్లో మళ్లీ బంగారం తీసే ప్రతిపాదనకు ఒప్పుకుంది. మంచిదే, పని దొరికితే మంచిదే. కానీ బంగారం కంపెనీ లెక్కలోకి పోయింది, దుమ్ము ఊరి లెక్కలోకి వచ్చింది. సుస్థిరత అనే మాటకు ఇంతకంటే మంచి పాఠం ఏ పుస్తకంలోనూ లేదు.

అది పాత కథ అనుకునేవాళ్లకు కొత్త కథ ఒకటి. ఇది కూడా మన జిల్లాదే. కోలారు నుంచి బెంగళూరు పోయే దారిలో నరసాపురం. అక్కడ ఆపిల్ ఫోన్లు బిగించే విస్ట్రాన్ ఫ్యాక్టరీలో 2020 డిసెంబరు 12 పొద్దున ఏం జరిగిందో మీకు తెలుసు. మన తాలూకా పిల్లలు కూడా అక్కడ పనిచేశారు. చాలామంది కాంట్రాక్టర్ల కింద. పన్నెండు గంటల షిఫ్టులు, జీతాల్లో కోతలు, హాజరు లెక్కల్లో తేడాలు. ఎవరికి చెప్పుకోవాలో తెలియదు. నైట్ షిఫ్టు దిగిన పిల్లలు అద్దాలు పగలగొట్టారు. పగలగొట్టడం మేము సమర్థించం. యూనియన్ లేని చోట కోపానికి దారి దొరకదని మాత్రం చెబుతాం.

చూడాల్సింది కొలతలు. ఆపిల్ కంపెనీ తన సప్లయర్ల మీద ఏటా రిపోర్టు ఇస్తుంది, నియమావళి ఉంది, ఆడిట్లు ఉన్నాయి. అన్నీ ఉండగానే ఇది జరిగింది. ఆ ఫ్యాక్టరీలో కార్మికుల సంఖ్య కొద్ది నెలల్లో 5,000 నుంచి 10,500కు పెరిగిందని, అంతమందికి సరిపడే ఏర్పాటు లేదని కర్ణాటక ఫ్యాక్టరీల శాఖ తనిఖీలో బయటపడింది. తర్వాత ఆపిల్ మనుషులు వచ్చి చూసి, పని గంటల లెక్క సరిగా పెట్టలేదని, దానివల్ల అక్టోబరు, నవంబరు జీతాలు కొందరికి ఆలస్యమయ్యాయని ఒప్పుకుని, సరిదిద్దేవరకు కొత్త ఆర్డర్లు ఇవ్వమన్నారు. ఇంకో చిత్రం వినండి. నష్టం 437 కోట్ల రూపాయలని మొదట పోలీసు ఫిర్యాదులో రాశారు. తైవాన్ షేర్ మార్కెట్‌కు అదే కంపెనీ చెప్పుకున్న అంకె వాళ్ల డబ్బులో 10 కోట్ల నుంచి 20 కోట్ల డాలర్లు, అంటే మన రూపాయల్లో సుమారు 26 నుంచి 52 కోట్లు. పోలీసులకు ఒక కొలత, వాటాదారులకు ఒక కొలత! జైలుకు పోయిన పిల్లలకు మాత్రం పెద్ద అంకె వర్తించింది.

గార్మెంటు అక్కచెల్లెళ్లు తమ సంగతి కూడా చెప్పమన్నారు. కొంచెమే చెబుతాం, ఎందుకంటే బెంగళూరులో పోరాడి గెలిచింది మీరే. 2020 ఏప్రిల్ నుంచి కర్ణాటకలో నెలకు 417 రూపాయల 60 పైసల కరువు భత్యం పెరగాలి. ప్రభుత్వం దాన్ని వాయిదా వేసింది. ఆ సెప్టెంబరులో హైకోర్టు ఇవ్వాల్సిందే అంది. అయినా నాలుగు లక్షలకు పైగా కార్మికులకు యాజమాన్యాలు ఇవ్వలేదు. విదేశాల్లో గొడవ లేచి, బ్రాండ్ల మీద ఒత్తిడి వచ్చాకే 2022లో పెద్ద కంపెనీలు బకాయిలు కట్టడానికి దిగి వచ్చాయి. మీరు కుట్టిన చొక్కాల మీది బ్రాండ్ల నియమావళుల్లో ఆ రెండేళ్లూ చట్టబద్ధమైన కనీస వేతనం అనే మాట ఉంటూనే ఉంది.

ఇప్పుడు మళ్లీ వేపచెట్టు కింది అన్న దగ్గరికి వద్దాం.

దూది దుమ్ము రోగానికి పేరుంది. బిస్సినోసిస్. బ్లో రూం, కార్డింగులో ఎక్కువ, మిగతా చోట్ల తక్కువ. మొదట సోమవారమే పట్టుకుంటుంది. ఆదివారం సెలవులో ఊపిరి తేలికపడి, సోమవారం మళ్లీ దుమ్ములోకి వెళ్లగానే ఎద బిగుసుకుంటుంది. మంగళవారానికి కాస్త తగ్గినట్టుంటుంది. అందుకే మనం, నిన్న ఏదో తిన్నాను, మంచులో తిరిగాను అనుకుంటాం. కొన్నేళ్లకు మంగళ, బుధ కూడా వస్తుంది. చివరికి వారమంతా, ఇంటి దగ్గర కూడా. మొదటి దశలో దుమ్ము నుంచి తప్పుకుంటే తిరగబెట్టుకోవచ్చు. చివరి దశలో ఊపిరితిత్తి మళ్లీ పాతది కాదు. మామూలు ఉబ్బసానికి సోమవారం అనే తిథి లేదు. డాక్టరు, నీకు ఏ రోజు ఎక్కువగా వస్తుంది అని ఒక్క ప్రశ్న అడిగితే చాలు, దారి దొరుకుతుంది. అడగకపోతే మనమే చెప్పాలి.

ఈ రోగాన్ని కొలిచే పద్ధతి కూడా ఉంది, కొత్తదేం కాదు. అమెరికాలో దక్షిణాది కరొలీనా రాష్ట్రాల మిల్లు కార్మికులు, చాలావరకు పని మానేసిన ముసలివాళ్లు, 1975లో బ్రౌన్ లంగ్ అసోసియేషన్ అని పెట్టుకున్నారు. తమ ఊళ్లలో తామే ఊపిరి పరీక్షలు పెట్టించారు. 1978లో అక్కడి ప్రభుత్వం దూది దుమ్ముకు హద్దు పెట్టింది. నూలు తీసే చోట ఘనమీటరు గాలిలో 200 మైక్రోగ్రాములు, నేత దగ్గర 750. కార్మికుడి ఊపిరిని ఎప్పుడు కొలవాలో కూడా రాశారు. కనీసం 35 గంటలు దూదికి దూరంగా ఉన్నాక, వారం మొదటి రోజు షిఫ్టులోకి పోయే ముందు ఒకసారి. మళ్లీ నాలుగు నుంచి పది గంటల లోపల ఒకసారి. గొట్టంలోకి బలంగా ఊదిస్తారు, మొదటి సెకనులో ఎంత గాలి వచ్చిందో చూస్తారు. పొద్దున, సాయంత్రం అంకెల్లో తేడా వస్తే దుమ్ము పట్టుబడినట్టే. మిల్లు యజమానులు సుప్రీంకోర్టు దాకా పోయారు, ఖర్చుకు తగ్గ లాభం చూపమని. 1981లో కోర్టు ఆ వాదన ఒప్పుకోలేదు. కార్మికుడి ఆరోగ్యాన్ని చట్టం ముందు పెట్టింది, ఖర్చు లాభాల తూకం అక్కర్లేదంది. జీతానికి గ్యారంటీ ఇచ్చే భాగాన్ని మాత్రం పక్కన పెట్టింది. సగం గెలుపు. అయినా మిల్లులు దుమ్ము లాగే యంత్రాలు పెట్టాయి, రోగం తగ్గింది.

మన దేశంలో చట్టం లేదా? ఉంది. 1948 ఫ్యాక్టరీల చట్టం రెండో షెడ్యూలులో ముడి దూది దుమ్ముకు హద్దు 0.2 మిల్లీగ్రాములు, అంటే అదే 200 మైక్రోగ్రాములు. మూడో షెడ్యూలులో బిస్సినోసిస్ పేరుంది. డాక్టరు కనిపెడితే ప్రభుత్వానికి తెలపాల్సిన రోగాల జాబితా అది. 2025 నవంబరు 21 నుంచి ఆ చట్టం స్థానంలో 2020 నాటి వృత్తి భద్రత, ఆరోగ్య కోడ్ అమలుకు వచ్చింది. నాలుగు కోడ్‌ల మీద మన అభిప్రాయం మీకు తెలుసు, దానికి ఇంకో సభ కావాలి. కానీ అందులో ఉన్న రెండు మాటలు మనకు పనికి వస్తాయి. నిర్ణయించిన తరగతుల కార్మికులకు ఏటా యజమాని ఖర్చుతో వైద్య పరీక్ష జరగాలి. తన ఆరోగ్యం, భద్రతలకు సంబంధించిన సమాచారం యజమానిని అడిగి తీసుకునే హక్కు కార్మికుడికి ఉంది. ఇ.ఎస్.ఐ. చట్టంలో వృత్తి రోగాల జాబితాలో బిస్సినోసిస్ ఉంది, దాని స్థానంలో వచ్చిన సామాజిక భద్రతా కోడ్‌లోనూ ఉంది. ఆ పేరు చీటీ మీద పడితే అది పనిలో తగిలిన దెబ్బతో సమానం. మెడికల్ బోర్డు శాశ్వత నష్టం ఎంతో తేల్చితే నెలనెలా భృతి వస్తుంది. ఉబ్బసం అని రాస్తే మందు బిళ్లలు వస్తాయి. ఒక్క మాట తేడా, అన్నా. నెల నెలా తేడా.

మిల్లులో దుమ్ము కొలుస్తారా అంటే కొలుస్తారు. మన కళ్లతో చూసింది చెబుతాం. ఒక మిల్లులో కొలత రోజున రెండు గంటల ముందే నేలంతా తుడిపించారు, రోజూ గాలి గొట్టంతో ఊది శుభ్రం చేసేవాళ్లను ఆ పూట ఊదవద్దన్నారు, మూడు కార్డులు ఆపేశారు. యంత్రాన్ని తలుపు పక్కన పెట్టారు. అంకె హద్దు లోపలే వచ్చింది. రాదా మరి? ఆడిట్‌కు వచ్చిన మనిషి ఏదైనా ఇబ్బంది ఉందా అని ఒక తమ్ముణ్ణి అడిగాడు. వెనక సూపర్‌వైజర్ నిలబడి ఉన్నాడు. ఏం లేదు సార్ అన్నాడు తమ్ముడు. ఆ మాట కూడా రిపోర్టులోకి ఎక్కి ఉంటుంది.

సర్టిఫికెట్ ఉంటే చాలనుకునేవాళ్లు కరాచీ గుర్తుంచుకోవాలి. అలీ ఎంటర్‌ప్రైజెస్ అనే గార్మెంటు ఫ్యాక్టరీకి 2012 ఆగస్టులో ఎస్.ఎ. 8000 అనే సర్టిఫికెట్ ఇచ్చారు. కార్మికుల పరిస్థితులు బాగున్నాయని చెప్పే సర్టిఫికెట్ అది. సెప్టెంబరు 11న మంటలు లేచాయి. కిటికీలకు కడ్డీలు, తలుపులకు తాళాలు. 250 మందికి పైగా చనిపోయారు. మరుసటి ఏడాది ఏప్రిల్ 24న బంగ్లాదేశ్‌లో రాణా ప్లాజా కూలి 1,134 మంది పోయారు. ముందు రోజే గోడలు పగిలాయని కార్మికులకు తెలుసు. లోపలికి పోమంటే జీతం కోస్తామన్నారు.

ఆ తర్వాత వచ్చిన మార్పు గురించి మనవాళ్లకు తక్కువ తెలుసు. 2013 మేలో బంగ్లాదేశ్‌లో అకార్డ్ అనే ఒప్పందం కుదిరింది. ఇదీ తనిఖీల ఒప్పందమే, ఇక్కడా కొలతలే. తేడా ఎక్కడంటే, కంపెనీలతో పాటు యూనియన్లు సంతకం పెట్టాయి. తనిఖీ చేసిన ఇంజనీరు రిపోర్టును అందరూ చదివేలా బయటపెట్టారు. సరిచేయకపోతే బ్రాండ్ మీద చట్టపరంగా పోవచ్చు. ప్రమాదం ఉందనుకుంటే కార్మికుడు లోపలికి పోనని చెప్పే హక్కు రాసుకున్నారు. ఫ్యాక్టరీల్లో నిప్పు తలుపులు, మెట్లు, స్తంభాలు నిజంగానే మారాయి. కొలిచే యంత్రం ఒకటే, కొలిచేవాళ్ల పక్కన ఎవరు నిలబడ్డారన్నదే మారింది.

మన దగ్గర అట్లాంటి ఒప్పందం లేదు. ఉన్నది ఈ పచ్చ ఆకు పుస్తకం. దీంతో ఏం చేయొచ్చో చూద్దాం.

ఇందులో మూడో సూత్రం కింద ఇంకో పట్టిక ఉంది. పని పరిస్థితుల మీద, ఆరోగ్య భద్రతల మీద ఏడాదిలో కార్మికులు చేసిన ఫిర్యాదులు ఎన్ని, తేలనివి ఎన్ని? ఈ మిల్లు రాసింది, సున్నా, సున్నా. అది అబద్ధమని మేము అనం. ఎందుకంటే మనం కాగితం మీద ఇవ్వలేదు. మేస్త్రీకి చెప్పాం, సూపర్‌వైజర్‌కు చెప్పాం, టీ కొట్టు దగ్గర ఒకరికొకరం చెప్పుకున్నాం. నోటి మాటకు గడి లేదు. రేపటి నుంచి కాగితం మీద ఇద్దాం. రెండు ప్రతులు. ఒకటి ఆఫీసుకు, ఒకటి మీద తేదీ, ముద్ర వేయించుకుని యూనియన్‌కు. ముద్ర వేయనంటే రిజిస్టరు పోస్టులో పంపుదాం. అట్లాంటివి పాతిక మన దగ్గర ఉంటే వచ్చే ఏడాది ఆ గడిలో సున్నా రాయాలంటే రాసేవాడి చెయ్యి ఆగుతుంది.

ఇంకో ప్రశ్న ఉంది అందులో. ప్రమాదం ఉన్న పని గురించి చెప్పడానికి, దాని నుంచి తప్పుకోవడానికి కార్మికులకు ఏర్పాటు ఉందా? అవును అని రాశారు. సంతోషం. ఆ ఏర్పాటు ఏమిటో, తప్పుకున్నవాడి హాజరు ఏమవుతుందో తెలుగులో, కన్నడంలో రాసి నోటీసు బోర్డు మీద పెట్టమని అడుగుదాం. ఉందన్నారు గనక చూపించమంటున్నాం, అంతే.

దుమ్ము విషయంలో యాజమాన్యాన్ని అడిగేవి. సోమవారం మొదటి షిఫ్టులో, అన్ని కార్డులు నడుస్తుండగా కొలవాలి. కొలిచేటప్పుడు కార్మికుల తరఫు మనిషి పక్కన ఉండాలి. అంకె బోర్డు మీద రావాలి. బ్లో రూం, కార్డింగువాళ్లకు సోమవారం ఊపిరి పరీక్ష, షిఫ్టుకు ముందు ఒకటి, తర్వాత ఒకటి. రోగం తేలినవాణ్ణి దుమ్ము తక్కువ ఉన్న చోటికి అదే జీతం మీద మార్చాలి. ఈ చివరిది రాకపోతే మొదటివన్నీ మన మీదికే తిరుగుతాయి. పరీక్షలో దొరికితే ఇంటికి పంపుతారనుకుంటే ఎవరు ఊదుతాడు గట్టిగా? అందుకని దీన్ని వదిలిపెట్టి ఏ ఒప్పందం మీదా సంతకం పెట్టబోమని కమిటీ తీర్మానించింది.

మన చేతిలో ఉన్న పని ఒకటి ఉంది, దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఆ బల్ల మీద నలభై పేజీల నోటు పుస్తకాలు ఉన్నాయి. కార్డింగు, బ్లో రూం, స్పిన్నింగువాళ్లు తలా ఒకటి తీసుకోండి. రోజూ మూడు మాటలు రాయండి. ఏ డిపార్టుమెంటు, ఏ షిఫ్టు, ఊపిరి ఎట్లా ఉంది. బాగుంటే బాగుందని రాయండి. అదీ లెక్కే. దెబ్బ తగిలితే ఎవరికి, ఎప్పుడు, మరునాడు ఎక్కడ కూర్చోబెట్టారు. రాయడం రాని అన్నలు పిల్లల చేత రాయించండి. మూడు నెలల తర్వాత పుస్తకాలన్నీ ఒక చోట పెట్టి సోమవారాలు, మిగతా వారాలు విడదీసి చూద్దాం. ఆ లెక్కను డాక్టరుకూ, ఫ్యాక్టరీల తనిఖీ అధికారికీ చూపుతాం. పేర్లు పుస్తకం వెనక పేజీలో రాయండి, ముందు వద్దు.

వేపచెట్టు కింది అన్న వచ్చే బుధవారం ఇ.ఎస్.ఐ. ఆసుపత్రికి వస్తానని ఒప్పుకున్నాడు. 22 ఏళ్ల సర్వీసు కాగితాలు తీసి పెట్టుకున్నాడు. మా కమిటీ నుంచి ఇద్దరం వెంట పోతున్నాం, సోమవారం సంగతి డాక్టరుకు విడిగా చెప్పడానికి. మాట్లాడి వాహనం పెట్టుకున్నాం, అందులో ఇంకా ఆరుగురికి చోటుంది. ఎవరికైనా సోమవారం ఎద బరువెక్కుతుంటే సిగ్గుపడకుండా ఇప్పుడే, పోయేలోగా, బల్ల దగ్గర చెప్పండి. ఇ.ఎస్.ఐ. కార్డు, పాత మందు చీటీలు అన్నీ తెచ్చుకోండి. బండి పొద్దున ఆరింటికి గౌనిపల్లి బస్టాండు నుంచి కదులుతుంది.